మీ పాల లెక్కకు సాక్షి: కంప్యూటర్ల లాగ్ ఫైళ్లు

సంఘంలో పాలు పోయగానే సభ్యుని చేతికి చీటీ వస్తుంది. పూట, తూకం, వెన్న శాతం, ఎస్.ఎన్.ఎఫ్., ధర అన్నీ అందులో ఉంటాయి. పదిహేను రోజులకు బిల్లు సొమ్ము బ్యాంకులో పడుతుంది. ఆ సొమ్ములో ఒక సాయంత్రం పూట పాలు కలవలేదని అరసవల్లి దగ్గర ఒక సభ్యురాలు గుర్తించిందనుకుందాం. నాలుగు లీటర్ల రెండు వందల మిల్లీలీటర్లు, వెన్న 6.8 శాతం. చీటీ ఆమె కొంగున ఉంది, సొమ్ము మాత్రం రాలేదు. ఆమె కార్యదర్శిని అడుగుతుంది. కార్యదర్శి ఎవరిని అడగాలి?

పూర్వం అయితే మూడు పుస్తకాలు ముందు పెట్టుకుని చూసేవారం. సంఘం పాల రిజిస్టరు, క్యాన్లతో వెళ్లిన ట్రక్ షీటు, శీతలీకరణ కేంద్రం రిజిస్టరు. ఎక్కడ తేడా వచ్చిందో అక్కడ వేలు పెట్టి చూపించేవారం. యంత్రాలతో పాల సేకరణ సాగే చోట ఆ పుస్తకాల పని కంప్యూటర్లకు వెళ్లింది. వాటికీ అలాంటి పుస్తకాలే ఉన్నాయి. వాటినే లాగ్ ఫైళ్లు అంటారు. (మనం తొడుక్కునే లాగుకూ దీనికీ సంబంధం లేదు.) ఓడ వేగం తెలుసుకోవడానికి నావికులు తాడు కట్టిన చెక్కముక్కను నీటిలో వేసేవారు. ఆ చెక్క పేరే వేగం రాసుకునే పుస్తకానికి, తరువాత కంప్యూటరు దినచర్యకు వచ్చింది. ఒకప్పుడు కళింగపట్నం రేవుకు వచ్చిన ఓడల్లోనూ అలాంటి పుస్తకాలు ఉండేవి.

లాగ్‌లో ఒక పంక్తి ఇలా ఉంటుంది: తేదీ, గంట, నిమిషం, సెకను, ఏ యంత్రం, వరుస సంఖ్య, చీటీ సంఖ్య, ఏం జరిగింది. “తూకం అందినది”, “ధర లెక్క కట్టడమైనది”, “బ్యాంకుకు పంపడమైనది”, “పంపడం విఫలమైనది”. ఇంతే. కొత్త పంక్తి ఎప్పుడూ చివరనే చేరుతుంది. పాతదాన్ని చెరిపి దిద్దడం ఉండదు. రిజిస్టరులో పొరపాటు పడితే ఒక గీత కొట్టి, పక్కన సరైన అంకె వేసి, పొట్టి సంతకం చేస్తాము కదా. లాగ్‌లో గీత కూడా కొట్టరు, దిద్దుబాటును కొత్త పంక్తిగా రాస్తారు.

చిక్కు ఎక్కడంటే, పని ఒక్క కంప్యూటరులో జరగదు. సంఘంలోని యంత్రం తూకం పంపుతుంది. కేంద్రంలో ఒక సర్వరు అందుకుంటుంది, మరొకటి ధర లెక్క కడుతుంది, వేరొకటి బ్యాంకుకు జాబితా పంపుతుంది, ఇంకొకటి ఫోనుకు సందేశం పంపుతుంది. ఎవరి పుస్తకం వారిదే. కనుక అన్ని పుస్తకాల నకళ్లూ ఎప్పటికప్పుడు ఒక చోటికి చేరే ఏర్పాటు చేస్తారు. 1980ల్లో అమెరికాలో బర్కిలీ విశ్వవిద్యాలయంలో ఎరిక్ ఆల్మన్ చేసిన సిస్‌లాగ్ అనే పద్ధతి ఈ పనికి దారి చూపింది, నేటికీ వాడుకలో ఉంది. నకలు వేరే చోట ఉండడంలో మరో లాభం ఉంది. ఒక యంత్రం కాలిపోయినా, దాన్ని ఎవరైనా తారుమారు చేసినా, అప్పటికి చేరిన సాక్ష్యం భద్రంగా ఉంటుంది.

నకళ్లు ఒకచోట చేరగానే పని అయిపోదు. వేల పంక్తుల్లో మన సభ్యురాలి నాలుగు లీటర్లు ఏవి? అందుకే చీటీ సంఖ్య ముఖ్యం. తూకం దగ్గర పుట్టిన ఆ సంఖ్య ధర సర్వరుకు, బ్యాంకు జాబితాకు, ఫోను సందేశానికి మారకుండా వెళ్లాలి. అప్పుడు ఆ సంఖ్యతో వెతికితే ఆ పూట పాల ప్రయాణం వరుసగా బయటపడుతుంది. ధర కట్టినట్లు ఉండి, బ్యాంకు జాబితాలో లేకపోతే దోషం ఆ రెండింటి నడుమ ఉన్నట్లే. సంఘం వారిని అనుమానించవలసిన పని లేదు. నా దృష్టిలో లాగ్‌ల అసలు మేలు ఇదే.

ఇక గడియారాల గొడవ. మన దేశపు కాలం 82½ డిగ్రీల తూర్పు రేఖాంశం మీద లెక్క కట్టినది. అరసవల్లి దాదాపు 83.9 డిగ్రీల దగ్గర ఉంది. డిగ్రీకి నాలుగు నిమిషాలు చొప్పున సూర్యనారాయణ స్వామి వారి గుడి మీదికి సూర్యుడు ఆ రేఖ కంటే సుమారు ఐదున్నర నిమిషాలు ముందే వస్తాడు. సూర్యుణ్ణి చూసి ఒకరు, గోడ గడియారం చూసి ఒకరు రిజిస్టరు రాస్తే ఏమౌతుందో ఊహించండి. కంప్యూటర్ల లోపలి గడియారాలు కూడా రోజుకు కొంత ముందుకో వెనక్కో జరుగుతాయి. వాటిని సరిచేయడానికి డేవిడ్ మిల్స్ రూపొందించిన ఎన్.టి.పి. అనే పద్ధతి 1985 నుంచి ఉంది. కుర్రవాణ్ణి టైము అడిగి రమ్మని పంపామనుకోండి. వాడు పోయి రావడానికి పది నిమిషాలు పడితే, వాడు చెప్పిన టైముకు ఐదు నిమిషాలు కలుపుకుంటాము. కంప్యూటర్లూ ఇంచుమించు అదే చేస్తాయి.

అయినా కొద్ది తేడా మిగులుతుంది. అప్పుడు గడియారాన్ని కాక, వరుసను నమ్మాలని 1978లో లెస్లీ లాంపోర్ట్ ఒక వ్యాసంలో నిరూపించాడు. ట్రక్ షీటులో పాలు 6-40కి బయలుదేరాయని ఉంది, శీతలీకరణ కేంద్రంలో 6-35కి అందాయని ఉంది. బయలుదేరక ముందే పాలు చేరవు కదా! గడియారం తప్పు, వరుస ఒప్పు. అందుకని ప్రతి యంత్రం ఒక లెక్కింపు సంఖ్య పెట్టుకుంటుంది, పని జరిగినప్పుడల్లా ఒకటి కలుపుతుంది, పంపే ప్రతి కబురుతో ఆ సంఖ్యను కూడా పంపుతుంది. అందుకున్న యంత్రం తన సంఖ్యను, వచ్చిన సంఖ్యను పోల్చి, పెద్దదానికి ఒకటి కలిపి ముందుకు సాగుతుంది. పంపినది అందినదానికంటే ముందని ఇక సందేహం ఉండదు.

మన జిల్లాలో దీని అవసరం పుస్తకం చదివి తెలుసుకోనక్కరలేదు. 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటింది. ఉద్దానంలో కొబ్బరి, జీడి తోటలు కూలాయి, కరెంటు స్తంభాలు పడిపోయి చాలా గ్రామాలు రోజుల తరబడి చీకట్లో ఉన్నాయి. అలాంటి రోజుల్లోనూ గేదెలు పాలివ్వడం మానవు. బ్యాటరీ మీదో జనరేటరు మీదో నడిచే సంఘం యంత్రం లెక్కను తన దగ్గరే రాసుకుని, లైను వచ్చాక పంపాలి. సగం పంపాక లైను మళ్లీ తెగితే మొదటి నుంచి తిరిగి పంపుతుంది. అప్పుడు ఒకే పూట పాలు రెండుసార్లు లెక్కకు రాకుండా కాపాడేది కూడా ఆ చీటీ సంఖ్యే. చూసిన సంఖ్య మళ్లీ వస్తే సర్వరు పక్కన పెడుతుంది.

అన్నీ రాస్తూ పోతే చోటు నిండదా? నిండుతుంది. ఒక పూట పోసిన పాలకు ఇరవై పంక్తులు, పంక్తికి 200 బైట్లు అనుకుందాం. 150 మంది సభ్యులు, రెండు పూటలు, 500 సంఘాలు అయితే రోజుకు 60 కోట్ల బైట్లు. ఆరు నెలలకు 108 గిగాబైట్లు. డిస్కు నిండితే కొన్ని యంత్రాలు అసలు పనే ఆపేస్తాయి. అందుకని ప్రతిరోజూ కొత్త ఫైలు తెరిచి, పాతవాటిని కుదించి కట్టి, గడువు తీరినవాటిని తీసేస్తారు. పంక్తులకు తీవ్రతను బట్టి ఎనిమిది తరగతులు కూడా ఉన్నాయి. తూకం అందడం మామూలు సమాచారం. బ్యాటరీ తగ్గడం హెచ్చరిక. బల్క్ కూలరు ఆగిపోవడం మాత్రం అర్ధరాత్రి అయినా మనిషిని లేపవలసిన సంగతి. అన్నిటికీ గంట కొడితే ఎవరూ లేవరు.

లాగ్‌లో రాయకూడనివీ ఉన్నాయి. సభ్యుల ఆధార్ సంఖ్య, పూర్తి బ్యాంకు ఖాతా సంఖ్య అక్కడ ఉండరాదు. చివరి నాలుగు అంకెలు చాలు.

2022 ఏప్రిల్ 28న కేంద్ర ప్రభుత్వ సంస్థ సెర్ట్-ఇన్ ఇచ్చిన ఆదేశాలు లాగ్‌లను 180 రోజులు భద్రపరచాలని, గడియారాలను జాతీయ కాలమానంతో సరిచూసుకోవాలని చెప్పాయి. కార్యదర్శులకు మనవి: సంఘం కంప్యూటరు గడియారాన్ని చేత్తో మార్చకండి, పూట లెక్క పంపడం పూర్తయినదని కనిపించే వరకు యంత్రాన్ని ఆపకండి. సభ్యులు చీటీలను కనీసం బిల్లు వచ్చేదాకా దాచుకోవాలి. తేడా ఉంటే చీటీ సంఖ్య, తేదీ, పూట రాసి వెంటనే ఇవ్వాలి. ఖాతా పుస్తకాలు ఏళ్ల తరబడి ఉంటాయి గాని లాగ్‌లు ఉండకపోవచ్చు. రథసప్తమి నాటి పాల గురించి దసరాకు వచ్చి అడిగితే, సొమ్ము ఎంత పడిందో చెప్పగలరు, ఎందుకు తగ్గిందో చెప్పే పంక్తి అప్పటికి మిగలకపోవచ్చు.