విన్యాసాల బుల్లి విమానానికి ఏ ఇంజిన్ సరిపోతుంది?

పుదుచ్చేరి పట్టణంలోని కోసపాళయంలో ఒక ఇంజినీరింగ్ విద్యార్థి మేడ మీది గదిలో రేడియో కంట్రోల్ విమానం కడుతున్నాడనుకుందాం. బల్సా చెక్కతో రెక్కలు సిద్ధమయ్యాయి. ఈ కొస నుంచి ఆ కొసకు 1.2 మీటర్లు. ఇది నేరుగా వెళ్లి తిరిగొచ్చే శిక్షణ విమానం కాదు. గాలిలో పల్టీలు కొట్టాలి, తలకిందులుగా ఎగరాలి, ముక్కు పైకెత్తి ఒకేచోట నిలబడాలి. మరి దీని ముక్కుకు ఏ ఇంజిన్ బిగించాలి?

ఎక్కువ హార్స్‌పవర్ ఉన్నది కొంటే సరిపోతుందని చాలామంది అనుకుంటారు. చివరికి బరువెక్కిన విమానం పల్టీ మధ్యలోనే జారి నేలకూలుతుంది. అందుకే ఈ ఎంపికను హార్స్‌పవర్‌తో కాకుండా బరువుతో మొదలుపెట్టాలి. ఎందుకో చూద్దాం.

రెక్కలు మోయని బరువు

విమానం సమతలంగా ఎగురుతున్నప్పుడు దాని బరువును మోసేది రెక్కలే. ఇంజిన్ చేయాల్సిందల్లా గాలి నిరోధాన్ని అధిగమించడం. రెక్కల తీరు ఓ మోస్తరుగా ఉన్నా, బరువులో ఎనిమిదో వంతు బలంతో ముందుకు లాగితే చాలు. మన విమానం 1.5 కిలోలు ఉంటే, దాదాపు 190 గ్రాముల బరువుకు సమానమైన బలం సరిపోతుంది. ఇలా ముందుకు లాగే బలాన్నే థ్రస్ట్ అంటారు.

అదే విమానం నిట్టనిలువుగా పైకి వెళ్తున్నప్పుడు రెక్కలు బరువును మోయలేవు. మొత్తం 1.5 కిలోల భారం ప్రొపెల్లర్ మీద పడుతుంది. గాలి నిరోధం దానికి అదనం. గాలిలో నిలబడటానికి థ్రస్ట్ బరువుకు సమానంగా ఉండాలి. అక్కడి నుంచి వేగం పుంజుకుని పైకి పోవాలంటే బరువుకు ఒకటిన్నర రెట్లు, అంటే 2.2 కిలోల దాకా కావాలి. శిక్షణ విమానానికి చాలిన ఇంజిన్ విన్యాసాలకు చాలకపోవడానికి కారణం ఇదే.

బరువు పెరిగితే అవసరమైన శక్తి అంతకంటే వేగంగా పెరుగుతుంది. అదే ప్రొపెల్లర్‌తో గాలిలో నిలబడటానికి కావలసిన శక్తి, బరువు ఎంత పెరిగితే అంతే పెరగదు. బరువు ఒకటిన్నర ఘాతానికి అనుపాతంలో పెరుగుతుంది. విమానం 1.5 నుంచి 2 కిలోలకు చేరితే బరువు మూడో వంతు పెరిగినట్టు. శక్తి మాత్రం సగానికి పైగా పెంచాల్సి వస్తుంది. పెద్ద ఇంజిన్‌కు గట్టి బిగింపు, పెద్ద ట్యాంకు లేదా పెద్ద బ్యాటరీ కావాలి. అవి మళ్లీ బరువు పెంచుతాయి. పైగా బరువైన విమానం గాలిలో నిలదొక్కుకోవాలంటే ఎక్కువ వేగంతో ఎగరాలి, ఎక్కువ వేగంతో దిగాలి.

ఇంజిన్ శక్తిని థ్రస్ట్‌గా మార్చేది ప్రొపెల్లర్

ప్రొపెల్లర్ల మీద 12x6 లాంటి అంకెలు కనిపిస్తాయి. మొదటిది వ్యాసం, 12 అంగుళాలు. రెండోది పిచ్, మెత్తటి చెక్కలో మరలా దూసుకుపోతే ఒక్క చుట్టుకు ఎన్ని అంగుళాలు ముందుకు వెళ్తుందో చెప్పే కొలత. 12x6 ప్రొపెల్లర్ నిమిషానికి 9,000 చుట్లు తిరిగితే, పిచ్ లెక్కన వచ్చే వేగం గంటకు సుమారు 82 కిలోమీటర్లు. విన్యాసాలకు ఇది చాలు.

ఒకే థ్రస్ట్‌ను రెండు రకాలుగా పొందవచ్చు. ఎక్కువ గాలిని నెమ్మదిగా వెనక్కి నెట్టవచ్చు, లేదా కొద్ది గాలిని వేగంగా నెట్టవచ్చు. మొదటి పద్ధతిలో శక్తి ఆదా అవుతుంది. 12 అంగుళాల ప్రొపెల్లర్ బదులు 10 అంగుళాలది వాడితే, అదే థ్రస్ట్‌కు 20 శాతం ఎక్కువ శక్తి ఖర్చవుతుంది. అందుకే విన్యాసాల విమానాలకు పెద్ద వ్యాసం, తక్కువ పిచ్ ఉన్న ప్రొపెల్లర్లు వాడతారు.

ఇంజిన్ డబ్బా మీది హార్స్‌పవర్ అంకె ఇక్కడే మోసం చేస్తుంది. చిన్న టూ-స్ట్రోక్ ఇంజిన్ల గరిష్ఠ శక్తిని తరచుగా నిమిషానికి 15,000 చుట్ల పైన కొలుస్తారు. పెద్ద ప్రొపెల్లర్ బిగించినప్పుడు ఇంజిన్ ఆ వేగాన్ని అందుకోనే అందుకోదు. మనకు కావలసింది తక్కువ వేగంలోనే గట్టిగా తిప్పే టార్క్.

మెథనాల్, పెట్రోల్, కరెంటు

గ్లో ఇంజిన్: చాలా ఏళ్లపాటు మోడల్ విమానాలను ఎగరేసింది ఇదే. మెథనాల్, నైట్రోమీథేన్, నూనె కలిపిన ఇంధనంతో నడుస్తుంది. ఆ నూనె తరచుగా మనకు తెలిసిన ఆముదమే. ఎంత వేడికైనా లోహం మీద పొరగా అంటిపెట్టుకుని ఉండటం దాని గుణం. ఇందులో నిప్పురవ్వ పుట్టించే ఏర్పాటు ఉండదు. గ్లో ప్లగ్‌లోని ప్లాటినం తీగను మొదట బ్యాటరీతో ఎర్రగా కాలుస్తారు. ఇంజిన్ నడవడం మొదలయ్యాక మెథనాల్ ఆవిరి ప్లాటినం మీద చర్య జరిపి ఆ వేడిని నిలబెడుతుంది, కాబట్టి బ్యాటరీ తీసేయవచ్చు. ఇంజిన్ తేలికే, కానీ చప్పుడు ఎక్కువ, విమానమంతా జిడ్డవుతుంది. తలకిందులైనప్పుడు ట్యాంకులో ఇంధనం స్థానం మారి, ఇంజిన్ ఆగిపోయే ప్రమాదమూ ఉంది. ముందున్న ట్యాంకు ఖాళీ అవుతున్నకొద్దీ విమానం గరిమనాభి వెనక్కి జరుగుతుంది. ఎగిరిన మొదటి నిమిషంలో ఒకలా, చివరి నిమిషంలో మరోలా స్పందిస్తుంది.

పెట్రోల్ ఇంజిన్: ఇంధనం చవక, ఎక్కడైనా దొరుకుతుంది. అయితే స్పార్క్ ప్లగ్, ఇగ్నిషన్ ఏర్పాటు, దానికో బ్యాటరీ కలిపి బరువెక్కుతుంది. 20 సీసీ ఇంజిన్ 4, 5 కిలోల విమానానికి బాగుంటుంది. మన 1.5 కిలోల విమానానికి అది పిచ్చుక మీద బ్రహ్మాస్త్రమే.

ఎలక్ట్రిక్ మోటారు: థ్రాటిల్ కదపగానే స్పందిస్తుంది. తలకిందులైనా ఆగదు. బ్యాటరీ ఖాళీ అయినా దాని బరువు తగ్గదు కాబట్టి గరిమనాభి కదలదు. బలహీనత అంతా బ్యాటరీలోనే ఉంది. కిలో లిథియం పాలిమర్ బ్యాటరీలో సుమారు 140 వాట్-అవర్ల శక్తి ఉంటే, కిలో మెథనాల్‌లో దాదాపు 5,500 వాట్-అవర్లు ఉంటుంది. చిన్న ఇంజిన్ అందులో అధిక భాగాన్ని వేడిగా వృథా చేసినా, ఎక్కువసేపు ఎగరడంలో ద్రవ ఇంధనానిదే పైచేయి. కానీ విన్యాసాలకు ఏడెనిమిది నిమిషాలు చాలు.

మన విమానానికి లెక్క కట్టి చూద్దాం. 12x6 ప్రొపెల్లర్‌ను 9,000 చుట్లతో తిప్పితే సుమారు 2.2 కిలోల థ్రస్ట్ వస్తుంది. అందుకు బ్యాటరీ నుంచి 500 వాట్ల పైచిలుకు కావాలి. నాలుగు సెల్‌ల బ్యాటరీ 14.8 వోల్ట్‌ల దగ్గర దాదాపు 36 ఆంపియర్లు ఇవ్వాలి. 800 కేవీ మోటారు సరిపోతుంది. కేవీ అంటే భారం లేనప్పుడు ఒక్కో వోల్ట్‌కు నిమిషానికి తిరిగే చుట్ల సంఖ్య. ప్రొపెల్లర్ భారంతో అందులో మూడొంతులకు పైగా మిగులుతుంది. స్పీడ్ కంట్రోలర్ 60 ఆంపియర్లది తీసుకుంటే వేడికి కాస్త వెసులుబాటు ఉంటుంది. 3,300 మిల్లీ ఆంపియర్-అవర్ల బ్యాటరీలో 80 శాతమే వాడుకుని, థ్రాటిల్ పెంచుతూ తగ్గిస్తూ ఎగిరితే ఎనిమిది నిమిషాలు వస్తుంది.

ఇక్కడ ఒక హెచ్చరిక. ప్రొపెల్లర్ ఒక్క అంగుళం పెంచితే ఏమవుతుందిలే అనుకోవద్దు. అదే పిచ్‌తో 12 నుంచి 13కు మారితే, అదే వేగంలో తిప్పడానికి సుమారు 38 శాతం ఎక్కువ శక్తి కావాలి. మోటారు, కంట్రోలర్ కాలిపోయేది ఇలాంటి చోటే.

ఎండ కూడా లెక్కలోకి వస్తుంది

ప్రామాణిక లెక్కలు తరచుగా 15 డిగ్రీల ఉష్ణోగ్రతకు ఉంటాయి. పుదుచ్చేరి వేసవిలో 35 డిగ్రీలు మామూలే. ఆ వేడికి గాలి సాంద్రత 6 శాతానికి పైగా తగ్గుతుంది. అదే వేగంతో తిరిగే ప్రొపెల్లర్ థ్రస్ట్ కూడా అంతే తగ్గుతుంది. బెంగళూరులా ఎత్తైన ఊళ్లలో సాంద్రత మరింత తక్కువ. ఒకటిన్నర రెట్ల థ్రస్ట్ పెట్టుకోమనడానికి ఇదీ ఒక కారణం.

ఇంట్లో మెథనాల్ సీసా

గ్లో ఇంజిన్ ఎంచుకునే ముందు ఇంధనం గురించి ఆలోచించాలి. మెథనాల్ రంగులేని ద్రవం, వాసన మద్యంలాగే ఉంటుంది. శరీరంలో అది ఫార్మిక్ ఆమ్లంగా మారి కంటి నరాలను దెబ్బతీస్తుంది. 10 మిల్లీలీటర్లు కూడా చూపు పోగొట్టవచ్చు. పుదుచ్చేరికి ఉత్తరాన మరక్కాణం ప్రాంతంలో 2023 మే నెలలో, కళ్లకురిచ్చిలో 2024 జూన్‌లో కల్తీ సారా తాగినవారి ప్రాణాలు తీసింది ఈ మెథనాలే. కళ్లకురిచ్చిలో 60 మందికి పైగా చనిపోయారు. అందుకే దీని అమ్మకం, నిల్వల మీద ఆంక్షలున్నాయి. పిల్లలున్న ఇంట్లో దీన్ని మంచినీళ్ల సీసాలో పోసి ఉంచడం ఎంత ప్రమాదమో వేరే చెప్పక్కర్లేదు. పగటి వెలుగులో మెథనాల్ మంట కూడా సరిగా కనిపించదు.

బ్యాటరీకీ తన ప్రమాదాలున్నాయి. ఉబ్బిన లిథియం బ్యాటరీని ఛార్జింగ్ పెట్టకూడదు. ఛార్జింగ్ పెట్టి నిద్రపోకూడదు. ఇంట్లో మోటారు పరీక్షించేటప్పుడు ప్రొపెల్లర్ ఊడదీయాలి. ఇంజిన్‌ను స్టార్ట్ చేయాలి కానీ మోటారు కనెక్షన్ ఇచ్చిన క్షణంలోనే తిరగవచ్చు; వేళ్లు తెగిపోయేంత బలం దానికుంది.

ఎగరేసేది ఎక్కడ?

కోసపాళయానికి కొద్ది కిలోమీటర్ల దూరంలోనే లాస్‌పేటలో విమానాశ్రయం ఉంది. 2021 డ్రోన్ నిబంధనల ప్రకారం, నడుస్తున్న విమానాశ్రయం సరిహద్దు నుంచి 8 కిలోమీటర్ల లోపు ఏ ఎత్తులో ఎగరేయాలన్నా అనుమతి ఉండాలి. 8 నుంచి 12 కిలోమీటర్ల మధ్య అనుమతి లేకుండా ఎగరడానికి 60 మీటర్ల ఎత్తు వరకే వీలుంది. అంటే కోసపాళయం మేడ మీద విమానం కట్టవచ్చు కానీ అక్కడి నుంచి ఎగరేయడానికి లేదు. పట్టణం దాటి, డిజిటల్ స్కై పటంలో ఆకుపచ్చగా ఉన్న, జనం లేని మైదానం చూసుకోవాలి. వినోదం, చదువు కోసం కంటికి కనిపించేంత దూరంలోనే ఎగరేసే 25 కిలోల లోపు మోడల్ విమానాలకు టైప్ సర్టిఫికెట్ అక్కర్లేదు. గగనతల నిబంధనలు మాత్రం వాటికీ వర్తిస్తాయి.

కాబట్టి వరుస ఇది: ముందు విమానం మొత్తం బరువు తేల్చుకోండి. దానికి ఒకటిన్నర రెట్ల థ్రస్ట్ ఇచ్చే పెద్ద ప్రొపెల్లర్ ఎంచుకోండి. దాన్ని కావలసిన వేగంతో తిప్పగల మోటారు లేదా ఇంజిన్ చూడండి. చివరగా ఇంధనం లేదా బ్యాటరీ. అన్నీ బిగించాక మళ్లీ తూకం వేయండి. మొదట అనుకున్న బరువు దాటితే లెక్క మళ్లీ మొదటి నుంచి చేయాలి. 1.5 కిలోల మన విమానం విషయంలో ఈ వరుస ఎలక్ట్రిక్ మోటారు దగ్గరే ఆగుతుంది. 5 కిలోల విమానం కట్టే రోజు వస్తే, పెట్రోల్ ఇంజిన్ గురించి అప్పుడు ఆలోచించవచ్చు.