ఎండ ఎక్కకముందే

మార్చి దాటిందంటే భువనగిరి బండ మీద పనంతా తెల్లవారుజామునే. పొద్దు పొడిచే వేళకు తాళ్లు బిగించి సిద్ధంగా ఉండాలి. పొద్దెక్కితే బండ కాలుతుంది, అరచేతులకు చెమట పడుతుంది, పట్టు జారుతుంది. ఐదు వందల అడుగులకు పైగా లేచిన ఈ ఏకశిల మీద చెట్టు నీడ ఎక్కడో గానీ దొరకదు. చాళుక్య త్రిభువనమల్ల విక్రమాదిత్యుడు ఇక్కడ కోట కట్టించాడంటే శత్రువు ఈ నున్నటి వాలు ఎక్కలేడన్న ధీమాతోనే. ఇప్పుడు అదే వాలు మీదికి బడిపిల్లలను తీసుకొచ్చి, ఎలా ఎక్కాలో నేర్పుతున్నారు.

ఏప్రిల్‌లో, మే నెలలో ఇదే వేళకు హిమాలయాల్లో, మనాలికి ఎగువన ఇంకొందరు నుదుటికి దీపాలు కట్టుకుని మంచు వాలు ఎక్కుతుంటారు. వాళ్లు బ్యాక్‌కంట్రీ స్కీయర్లు. స్కీయింగ్ అనగానే మనకు గుర్తొచ్చేది గుల్మార్గ్‌లో గొండోలా ఎక్కి పైకి వెళ్లి, చదును చేసిన మంచు మీద జారే పర్యాటకులు. వీళ్ల సంగతి వేరు. లిఫ్టు ఉండదు, చదును చేసిన దారి ఉండదు, పడితే పరుగెత్తుకొచ్చే సిబ్బంది ఉండరు. స్కీల అడుగున ఒకవైపుకే వాలిన నూగుతో ఉండే పట్టీలు అతికించుకుంటారు. అవి ముందుకు జారతాయి, వెనక్కి జారవు. మూడు నాలుగు గంటలు అలా ఎక్కి, పైన పట్టీలు ఊడదీసి సంచిలో పెట్టుకుని, ఇరవై నిమిషాల్లో దిగిపోతారు. ఆ ఇరవై నిమిషాల కోసమా ఇంత అవస్థ అంటే, అవును, అందుకే.

అంత పెందలాడే ఎందుకన్నది తెలిస్తే సగం విద్య తెలిసినట్టే. వసంతంలో మంచు పగలు కరుగుతుంది, రాత్రి గడ్డకడుతుంది. మబ్బు లేని రాత్రి మంచు తన వేడిని ఆకాశంలోకి వదిలేస్తుంది కాబట్టి గాలి సున్నా డిగ్రీలకు కాస్త పైన ఉన్నా పైపొర గట్టిపడుతుంది. మబ్బు పట్టిన రాత్రి అంతగా గట్టిపడదు. ఆ తెల్లారి తెలిసినవాళ్లు మళ్లీ ముసుగు తన్ని పడుకుంటారు. ఇలా రోజుల తరబడి కరుగుతూ, గడ్డకడుతూ వచ్చిన మంచు చివరికి జొన్న గింజల్లాంటి గుండ్రటి పలుకులవుతుంది. తెల్లవారుజామున ఆ పలుకులన్నీ అతుక్కుని గట్టిగా ఉంటాయి. ముళ్ల బూట్లతో ఎక్కడానికి అది అనువే గానీ, కాలు జారితే ఆగడమంటూ ఉండదు. ఎండ తగిలాక పైన అంగుళమో రెండంగుళాలో మెత్తబడుతుంది. స్కీకి కావలసింది ఆ మెత్తదనమే. అది ఎంతోసేపు ఉండదు. ఆ తర్వాత మోకాలిదాకా దిగబడే నీళ్ల మంచు, దాని వెనకే విరిగిపడే తడి మంచు చరియలు.

తూర్పు వాలుకు ముందు ఎండ తగులుతుంది, తర్వాత దక్షిణానికి, చివరికి పడమటికి. ఏ వాలు ఏ గంటకు దిగాలన్నది ముందు రాత్రే లెక్క వేసుకోవాలి. ఇందులో ఇంకో చిక్కు ఉంది. మంచు చరియలు ఎక్కువగా విరిగేది ముప్పై నుంచి నలభై ఐదు డిగ్రీల వాలుల్లో. స్కీయర్లు ఇష్టపడేదీ సరిగ్గా ఆ వాలులనే. అందుకే ఒక్కొక్కరి ఒంటి మీద సంకేతాలు పంపే చిన్న యంత్రం, సంచిలో మడత కడ్డీ, పార ఉంటాయి. కూరుకుపోయినవాడిని మొదటి పది పదిహేను నిమిషాల్లో తవ్వి తీయాలి. అరగంట దాటితే ఆశ బాగా సన్నగిల్లుతుంది. తవ్వాల్సింది పక్కనున్న స్నేహితుడే, ఇంకెవరూ రారు.

భువనగిరిలో మంచు లేదు. కానీ వాలును చదవడం, గడియారానికి లోబడటం, తాడు అవతలి కొసన ఉన్న మనిషిని నమ్మడం ఇక్కడ నేర్చుకోవచ్చు. దానికి రుజువు మన కళ్ల ముందే ఉంది. ఐపీఎస్ అధికారి ఆర్.ఎస్. ప్రవీణ్‌కుమార్ సాంఘిక సంక్షేమ గురుకులాల కార్యదర్శిగా ఉన్నప్పుడు ఆ బడుల పిల్లలను ఈ బండ దగ్గరికి పంపారు. నేర్పింది 2007లో ఎవరెస్ట్ ఎక్కిన బచినేపల్లి శేఖర్‌బాబు. బండ మీద నిలదొక్కుకున్నవాళ్లను డార్జిలింగ్‌లోని హిమాలయన్ మౌంటెనీరింగ్ ఇన్‌స్టిట్యూట్‌కు, ఆపైన చలికాలపు లడఖ్‌కు తీసుకెళ్లారు. వాళ్లలోంచి తేలినవాళ్లు ఇద్దరు: నిజామాబాద్ జిల్లా పాకాల అమ్మాయి మాలావత్ పూర్ణ, ఖమ్మం జిల్లా అబ్బాయి సాధనపల్లి ఆనంద్‌కుమార్. 2014 మే 25న టిబెట్ వైపు నుంచి ఇద్దరూ ఎవరెస్ట్ శిఖరం చేరారు. పూర్ణకు అప్పటికి పద్నాలుగేళ్లు నిండలేదు. నేపాల్ వైపు పదహారేళ్లలోపు వాళ్లను అనుమతించరు కాబట్టే ఉత్తరపు దారి. పూర్ణ 2022లో డెనాలీతో ఏడు ఖండాల శిఖరాలూ పూర్తి చేసింది. అదే ఏడాది మేలో భువనగిరి ప్రాంతపు పడమటి అన్వితారెడ్డి ఎవరెస్ట్ ఎక్కింది. ఆమెకు ఈ బండ ఇంటి ముంగిలి.

వీళ్ల గురించి రాసిన ప్రతిచోటా శిఖరం మీది జెండా ఫొటోనే కనిపిస్తుంది. నాకు మాత్రం వాళ్లు క్షేమంగా దిగి రావడమే పెద్ద వార్త. ఎవరెస్ట్ మీద చివరి ఎక్కుడు రాత్రిపూట మొదలుపెట్టేది కూడా వెలుతురు ఉండగా దిగిపోవాలనే. భువనగిరిలోనూ తాడు పట్టుకుని వెనక్కి వాలి దిగడం నేర్చుకునే రోజే పిల్లల మొహాల్లో రంగు మారుతుంది. ఎక్కేటప్పుడు కళ్ల ముందు బండ ఉంటుంది, దిగేటప్పుడు వెనక ఏమీ ఉండదు.

ఆ దిగడాన్నే కళగా మార్చింది స్కీ. 1970 మే 6న జపాన్‌కు చెందిన యుయిచిరో మియురా వీపుకు పారాచూట్ కట్టుకుని ఎవరెస్ట్ సౌత్ కోల్ నుంచి స్కీల మీద దూకుడుగా దిగి, పడి, దొర్లి, ఎలాగో బతికి బయటపడ్డాడు. 2000 అక్టోబరు 7న స్లోవేనియా వాసి దావో కార్నిచార్ శిఖరం నుంచి బేస్ క్యాంపు దాకా స్కీలు విప్పకుండానే దిగాడు. 2025 సెప్టెంబరులో పోలండ్‌కు చెందిన ఆంజెయ్ బార్గెల్ సిలిండరు ఆక్సిజన్ లేకుండా ఎక్కి, స్కీలతోనే దిగాడు. శిఖరం చేరేసరికి ఆలస్యమైంది. రెండో క్యాంపుకు వచ్చేసరికి చీకటి పడింది. కింద ఖుంబూ మంచు జలపాతం. ఆగిపోయాడు. రాత్రి అక్కడే గడిపి, తెల్లారాక దిగాడు. రికార్డు కన్నా ఆ ఆగడమే నాకు గొప్పగా కనిపిస్తుంది.

పొద్దున్నే బయల్దేరితే అంతా క్షేమమేనని మాత్రం ఎవరూ అనుకోవద్దు. పూర్ణ, ఆనంద్ ఎక్కిన ఏడాదే, 2014 ఏప్రిల్ 18న, నేపాల్ వైపు అదే ఖుంబూలో పొద్దున ఏడు కూడా కాకముందే పెద్ద మంచుదిమ్మ విరిగిపడి పదహారు మంది నేపాలీ పర్వత కార్మికులు చనిపోయారు. వాళ్లలో ఎక్కువమంది షెర్పాలు. వాళ్లు వేళ తప్పలేదు. మంచు నది పైనుంచి వేలాడే దిమ్మలు ఎండను బట్టి కాదు, తమ బరువును బట్టి, కింద నది కదలికను బట్టి విరుగుతాయి. గడియారం కొన్ని ప్రమాదాలనే తప్పిస్తుంది. మిగతావాటికి ఆ దారినే పోకపోవడం తప్ప ఉపాయం లేదు.

మన పిల్లలకు స్కీయింగ్ ఎందుకు నేర్పకూడదన్న ప్రశ్న ఎవరైనా వేస్తే అడ్డు వచ్చేది ధైర్యం కాదు, క్యాలెండరు. గుల్మార్గ్, మనాలి సంస్థల స్కీ కోర్సులు ప్రధానంగా జనవరి నుంచి మార్చి దాకా, అంటే సరిగ్గా మన పరీక్షల కాలంలో. వేసవి సెలవులు వచ్చేసరికి కింది వాలుల్లో మంచు ఉండదు. రోహ్‌తాంగ్ ఎత్తుల్లో మే నెలలోనూ మంచు ఉంటుంది గానీ, అది కొత్తగా నేర్చుకునేవాళ్ల చోటు కాదు. సంక్రాంతి సెలవులను కొన్ని రోజులు పొడిగించి, బండ మీద ఆరితేరిన పదిమందికి ముందు ప్రాథమిక కోర్సు చేయిస్తే, మే నెల సంగతి మే నెలలో చూసుకోవచ్చు.