యంత్రం ఎవరి చేతిలో?

మరమగ్గాన్ని కనిపెట్టినవాడు ఒక పాదిరి అంటే మనలో చాలామందికి ఆశ్చర్యంగా ఉంటుంది. ఇంగ్లాండులో ఒక పల్లె సంఘానికి కాపరిగా ఉన్న ఎడ్మండ్ కార్ట్‌రైట్ 1785లో దానికి పేటెంటు పొందాడు. అప్పటికే మిల్లులు వచ్చి నూలు విస్తారంగా తయారవుతోంది. అంత నూలును నేయడానికి మనుషులు చాలరని కొందరు అనగా విని, ఆయన ఈ పనికి పూనుకున్నాడు. పేదవాని నోటి దగ్గర కూడు తీయాలని మొదలైన పని కాదది.

కాని జరిగింది వేరు. తరువాతివారు ఆ మగ్గాన్ని బాగుచేసి ఆవిరితో నడిపారు. బట్ట చవకైంది. చేనేతవారి కూలి మాత్రం దారుణంగా పడిపోయింది. 1834లో పార్లమెంటు కమిటీ వారి గోడు విన్నది. అయినా కూలిరేట్లు నిర్ణయించే బిల్లు 1835లో ఓడిపోయింది. కార్ట్‌రైట్‌కు 1809లోనే 10,000 పౌన్లు ఇచ్చిన ప్రభుత్వం, పని పోయినవానికి దారి చూపలేదు.

మన దేశంలో 1985లో వచ్చిన చట్టం కొన్ని రకాల బట్టలను చేమగ్గాలకే కేటాయించింది. అయినా 1995-96 లెక్కల్లో 65 లక్షలకు పైగా ఉన్న చేనేత పనివారు 2019-20 నాటికి 35 లక్షలకు తగ్గారు. దీనికి మరమగ్గం ఒక్కటే కారణం కాదు. నూలు ధర, అప్పులు, చాలీచాలని కూలి కూడా కారణాలే.

ఇక మరో యంత్రం సంగతి చూడండి. పోచంపల్లి చీరెకు ముందుగా ఆసు పోయాలి. అంటే నూలును వరుస మేకుల చుట్టూ చేతితో చుట్టాలి. ఒక్క చీరెకు చేయి సుమారు 9,000 సార్లు అటూ ఇటూ ఆడాలి. నాలుగైదు గంటల పని. తల్లి లక్ష్మి భుజాల నొప్పి చూడలేక, ఆలేరు ప్రాంతపు నేతబిడ్డ చింతకింది మల్లేశం గారు 1999లో ఆసు యంత్రం తయారుచేశారు. పని గంటన్నరకు దిగింది. 2017లో ఆయనకు పద్మశ్రీ లభించింది.

రెండూ యంత్రాలే. మొదటిది మిల్లు యజమాని ఆస్తి అయింది. రెండవది నేతవాని ఇంటికే వచ్చింది. తేడా అక్కడే ఉంది.

ప్రియ చదువరులారా, మన ఊరికి కోత మిషను వచ్చినా, మరొకటి వచ్చినా, దాన్ని తిట్టి లాభం లేదు. కూలి పోయే ఇళ్లు ఎన్ని? పనివారే కలిసి దాన్ని కొనగలరా? దాన్ని నడిపే పని, బాగుచేసే పని మన పిల్లలకు ఎవరు నేర్పుతారు? ఈ ప్రశ్నలు ముందే అడుగుదాం. పని పోయినవాణ్ణి సోమరి అనకుండా, అతని పక్కన నిలబడదాం.