పది ప్రశ్నల కాగితం.. ఓరుగల్లు పిల్లల మనసు

ఒత్తిడిని కొలిచే ప్రశ్నావళి అమెరికాలో పుట్టింది. చైనా విద్యార్థుల దగ్గర మళ్లీ పరీక్షకు నిలిచింది. వరంగల్ హాస్టళ్లలో పంచాలంటే దాన్ని ఎలా సిద్ధం చేయాలి?

విద్యార్థుల ఒత్తిడి మీద ముఖచిత్ర కథనం కావాలి, వారాంతంలోగా అందాలి అన్నారు ఎడిటర్. కాకతీయ విశ్వవిద్యాలయం, కాకతీయ మెడికల్ కాలేజీ, ఎన్‌ఐటీ, హనుమకొండలో ఎటు చూసినా జూనియర్ కాలేజీలు, కోచింగ్ సెంటర్లు, హాస్టళ్లు. ఇలాంటి ఊళ్లో ఈ విషయం మీద రాయడానికి కొదవేముంది? నివేదికలు, తీర్పులు చాలానే ముందేసుకున్నాను. అన్నిటికన్నా ఎక్కువసేపు నన్ను పట్టి ఉంచింది మాత్రం ఒక్క పేజీ కాగితం. దాని పేరు ‘పర్సీవ్డ్ స్ట్రెస్ స్కేల్’. విద్యార్థుల ఒత్తిడి మీద మన దేశంలో జరిగే సర్వేల్లో తరచుగా కనిపించే పత్రాల్లో ఇదొకటి.

కాగితంలో ఏముంది?

పది ప్రశ్నలు. అన్నీ గత నెల రోజుల గురించే. అనుకోనిది జరిగి మనసు చెదిరిందా, కష్టాలు మోయలేనంతగా పేరుకుపోయాయనిపించిందా, చేతిలో లేని విషయాలకు కోపం వచ్చిందా.. ఇలా సాగుతాయి. ఎన్నిసార్లు అలా అనిపించిందో ఐదు జవాబుల్లో ఒకటి ఎంచుకోవాలి. ‘ఎప్పుడూ లేదు’ అంటే సున్నా, ‘చాలా తరచుగా’ అంటే 4. మొత్తం 40. 4, 5, 7, 8 ప్రశ్నలు మంచి వైపు నుంచి అడుగుతాయి: సమస్యలను నెట్టుకురాగలనన్న ధైర్యం ఉందా, అనుకున్నవి అనుకున్నట్టు జరుగుతున్నాయా అని. వాటికి మార్కులు తిరగేసి వేస్తారు.

ఈ పత్రమంటే నాకు ఇష్టం. నీకు ఏం జరిగిందని అడగదు, అది నీకు ఎలా అనిపించిందని అడుగుతుంది. ఇద్దరికీ ఒకే సబ్జెక్టు బ్యాక్‌లాగ్ ఉండొచ్చు. ఒకరు సప్లిమెంటరీలో చూసుకుందాంలే అనుకుంటారు, ఇంకొకరికి నిద్ర పట్టదు. ఆ తేడాను ఈ కాగితం గౌరవిస్తుంది. అందుకే దాన్ని తెలుగులోకి తెచ్చేవారు ఎంతో జాగ్రత్తగా తేవాలంటాను.

‘ఎప్పుడూ లేదు’తో వచ్చే చిక్కు

జీవితంలో ముఖ్యమైన విషయాలు మీ చేతుల్లో లేవని ఎన్నిసార్లు అనిపించింది? ఇది రెండో ప్రశ్న సారాంశం. దీనికి ఒక విద్యార్థి ‘ఎప్పుడూ లేదు’ దగ్గర టిక్ పెట్టాడనుకోండి. అలా ఎప్పుడూ అనిపించలేదనా అతని ఉద్దేశం? లేక ఎప్పుడూ ఏదీ నా చేతుల్లో లేదనా? తెలుగులో రెండు అర్థాలూ వస్తాయి. రికార్డులు రాసే హడావిడిలో కాగితం నింపి ఇచ్చేసే పిల్లవాడు రెండో అర్థమే తీసుకుంటే, 4 పడాల్సిన చోట సున్నా పడుతుంది. అంతా చేయి జారిపోయిందని చెప్పుకోవాలనుకున్న పిల్లవాడే ఆ లెక్కలో నిశ్చింతగా ఉన్నవాడిగా తేలతాడు. చేయాల్సిన పనులను నెట్టుకురాలేననిపించిందా అని అడిగే ఆరో ప్రశ్నలోనూ ఇదే ప్రమాదం. ‘ఒక్కసారి కూడా అలా అనిపించలేదు’ అని జవాబును పూర్తి వాక్యంగా అచ్చువేస్తే చాలు, ఈ తికమక చాలావరకు తీరుతుంది. దీనికి ఖర్చేమీ లేదు. తయారుచేసేవారు విద్యార్థి పక్కన కూర్చుని ఆ కాగితం చదివించాలి, అంతే.

రెండో ప్రశ్నలోనే ఇంకో ముడి ఉంది. ఇంటర్‌లో ఏ గ్రూపు, ఎప్‌సెట్ ర్యాంకుకు ఏ కాలేజీ, ఏ బ్రాంచి అనేది మన ఇళ్లలో చాలామందికి అమ్మానాన్నలు, బాబాయిలు కలిసి తేల్చే విషయం. తన చేతుల్లో లేకపోవడమే కొందరికి ధైర్యం, కొందరికి నరకం. ఆ రెండింటినీ ఈ ఒక్క ప్రశ్న విడదీయలేదు. ఇంటివాళ్ల ఆశల గురించి విడిగా అడగాల్సిందే.

ఇక ‘గత నెల’. మిడ్స్ నడుస్తున్న వారంలో పంచితే ఒక లెక్క వస్తుంది. బతుకమ్మ, దసరా సెలవులకు ఊరెళ్లి వచ్చాక పంచితే ఇంకో లెక్క వస్తుంది. ఏ తేదీల్లో నింపించారో చెప్పని సర్వే ఫలితాన్ని నమ్మలేం.

క్లుప్తంగా చరిత్ర

ఒత్తిడిని కొలవడానికి 1967లో పరిశోధకులు హోమ్స్, రాహే 43 జీవిత ఘటనలకు మార్కులు కట్టారు. జీవిత భాగస్వామి మరణానికి 100. ఘటనలు లెక్కపెడితే మనసు తెలియదని షెల్డన్ కోహెన్, టామ్ కమార్క్, రాబిన్ మెర్మెల్‌స్టీన్ 1983లో 14 ప్రశ్నల స్కేల్ ప్రచురించారు. తొలి పరీక్షలు ఒరెగాన్ విశ్వవిద్యాలయ విద్యార్థుల మీద, పొగతాగడం మానాలని చేరినవారి మీద జరిగాయి. 1988లో అది పది ప్రశ్నలకు కుదిరింది.

చైనా నేర్పే పాఠం

చైనాలో పరీక్షల పోటీ, ఇంటి పరువు మోసే పిల్లల సంగతి మనకు కొత్తగా అనిపించవు. అక్కడి పరిశోధకులు రెండు దారులు తొక్కారు: ఉన్న పత్రాన్ని సరిచూసుకోవడం, కొత్తది తయారుచేసుకోవడం. పది ప్రశ్నల పత్రాన్ని విశ్వవిద్యాలయ విద్యార్థుల మీద పరీక్షించి 2017లో ఫలితాలు ప్రచురించారు. ప్రశ్నలు రెండు గుంపులుగా విడిపోయాయి: ఒకటి నిస్సహాయత, రెండోది నెట్టుకురాగలనన్న నమ్మకం. అంటే 40కి ఇన్ని అని ఒకే అంకె చెబితే సగం సమాచారం దాగిపోతుంది. రెండో దారిలో, 2011లో చైనా కౌమార విద్యార్థులతోనే 16 ప్రశ్నల చదువు ఒత్తిడి స్కేల్‌ను కొత్తగా తయారుచేశారు. చదువు భారం, మార్కుల దిగులు, తన మీద తనకున్న అంచనాలు అందులో విడివిడిగా తేలతాయి. వరంగల్‌కూ రెండు దారులూ కావాలి.

బాక్స్: తెలుగు ప్రతి తయారీ ఇలా

• ఒకరినొకరు సంప్రదించుకోకుండా ఇద్దరు అనువదించాలి. రెండింటినీ కలిపి ఒక ప్రతి చేయాలి.
• మూలం చూడనివారు దాన్ని తిరిగి ఇంగ్లిష్‌లోకి మార్చాలి. 1970లో రిచర్డ్ బ్రిస్లిన్ ప్రాచుర్యంలోకి తెచ్చిన పద్ధతి ఇది.
• నిపుణులు సరిచూశాక 30 నుంచి 40 మందితో నింపించి, ప్రతి ప్రశ్నకూ ‘నీకేం అర్థమైంది?’ అని అడగాలి.
• కొన్నాళ్ల తర్వాత అదే విద్యార్థులతో మళ్లీ నింపించి పోల్చాలి.

బాక్స్: ఎవరి మాటలో?

ఎన్‌ఐటీలో సగం సీట్లు ఇతర రాష్ట్రాల వారివి. అక్కడ తెలుగు ప్రతి ఒక్కటే సరిపోదు. ములుగు, మహబూబాబాద్ వైపు నుంచి వచ్చే పిల్లల్లో ఇంట్లో లంబాడీ, కోయ మాట్లాడేవారున్నారు. తెలుగు ప్రతిలోనూ ‘మానసిక ఒత్తిడి’ పక్కన పిల్లలు అనే ‘టెన్షన్’, పెద్దలు అనే ‘రంది’, ‘బుగులు’, ‘పరేషాన్’ పెట్టి చూడాలి. కాళోజీ పేరిట ఆరోగ్య విశ్వవిద్యాలయం ఉన్న ఊరిది. ఆయన పుట్టినరోజైన సెప్టెంబర్ 9ని తెలంగాణ భాషా దినోత్సవంగా జరుపుకునే మనకు ఈ పని భారం కాకూడదు.

అంకె చెప్పనిది

13 దాకా తక్కువ, 26 దాకా మధ్యస్థం, ఆపైన తీవ్రం అని విభజించి, నూటికి ఇంతమంది తీవ్ర ఒత్తిడిలో ఉన్నారని వచ్చే వార్తలను నేను అనుమానంగానే చదువుతాను. ఇది రోగ నిర్ధారణ పరీక్ష కాదు, దీనికి గీత గీయలేమన్నది దాన్ని తయారుచేసిన కోహెన్ మాటే. 1983 అధ్యయనంలో రెండు రోజుల తేడాతో నింపినప్పుడు జవాబుల పొంతన 0.85 ఉంది. పొగ మానే బృందంలో ఆరు వారాల తేడాకు అది 0.55కు పడింది. ఒత్తిడి మారుతుంది. ఒక రోజు అంకెతో పిల్లవాడికి ముద్ర వేయకూడదు.

అడిగినవారికి బాధ్యత కూడా ఉంటుంది. విశాఖలో నీట్‌కు చదువుతున్న విద్యార్థిని 2023లో మరణించిన కేసులో సుప్రీంకోర్టు 2025 జులై 25న మార్గదర్శకాలు ఇచ్చింది. 100 మంది, అంతకు మించి విద్యార్థులున్న సంస్థ కనీసం ఒక అర్హత గల కౌన్సెలర్‌ను, సైకాలజిస్టును లేదా సోషల్ వర్కర్‌ను నియమించుకోవాలంది. ప్రశ్నావళి పంచే కాలేజీ ముందు ఆ కుర్చీ నింపాలి.

కాలేజీల యాజమాన్యాలకు, పరిశోధన చేసే అధ్యాపకులకు నా విన్నపం ఇదే. శాతాలు ప్రకటించే ముందు మీరు పంచిన ప్రశ్నావళిని, పంచిన తేదీలను, మీ పిల్లలతో దాన్ని సరిచూసిన తీరును ప్రకటించండి. అవి లేని సర్వేను పక్కన పెట్టాలి. ఇది చదువుతున్న విద్యార్థికి ఒక మాట: మనసు బాగాలేకపోతే ఏ సర్వే కోసమూ ఆగొద్దు. టెలీ మానస్ నంబరు 14416కు ఎప్పుడైనా ఫోన్ చేయండి. ఉచితం, తెలుగులోనే మాట్లాడొచ్చు.