పదేళ్ల పిల్లకు పద్దెనిమిదేళ్ల గడ్డం: కంప్యూటర్ అంచనా ఎంతవరకు నిజం?

గద్వాల వాళ్లు కర్నూలుకో రాయచూరుకో పోతారు. వనపర్తి, నాగర్‌కర్నూల్ వాళ్లు పాలమూరుకో హైదరాబాదుకో. ఎత్తుపళ్లకు క్లిప్పులు వేయించడానికని పిల్లను తీసుకెళ్తే, డాక్టర్ కంప్యూటర్ తెరను మీవైపు తిప్పి, పద్దెనిమిదేళ్లకు ఆ పిల్ల ముఖం ఎలా ఉంటుందో చూపించవచ్చు. ఆ బొమ్మను ఎంత నమ్మాలి?

ముందు అది ఎలా తయారవుతుందో చూద్దాం. తల కదలకుండా చెవుల దగ్గర పట్టి ఉంచి, పక్కనుంచి ఎక్స్‌రే తీస్తారు. అమెరికాలో బ్రాడ్‌బెంట్, జర్మనీలో హోఫ్రాత్ 1931లో ఈ పద్ధతి తెచ్చారు. ముక్కు మొదలు, కింది దవడ మూల, గడ్డం కొస వంటి చోట్ల చుక్కలు పెట్టి, వాటి మధ్య దూరాలు, కోణాలు కొలుస్తారు. ఏ వయసులో ఏ ఎముక సగటున ఎంత పెరుగుతుందో కంప్యూటర్ దగ్గర పట్టిక ఉంటుంది. ఇవాళ్టి కొలతకు ఆ పెరుగుదల కలిపితే రేపటి ముఖం వచ్చేస్తుంది. రాబర్ట్ రికెట్స్ అనే అమెరికన్ డాక్టర్ దాదాపు అరవయ్యేళ్ల కిందటే దీన్ని వ్యాపార సేవ స్థాయికి తెచ్చాడు.

1975లో గ్రీన్‌బర్గ్, జాన్స్టన్ అనే పరిశోధకులు ఈ జోస్యాన్ని పరీక్షకు పెట్టారు. అందరు పిల్లలకూ కళ్లు మూసుకుని సగటు పెరుగుదల కలిపేస్తే వచ్చే ఫలితం కన్నా కంప్యూటర్ చెప్పింది చెప్పుకోదగ్గంత మెరుగ్గా ఏమీ లేదని తేల్చారు. అదే ఏడు వచ్చిన ఇంకో లెక్క కంప్యూటర్ వైపే మొగ్గింది. ఆ వాదన ఇంకా తెగలేదు.

‘తొంభై ఏడు శాతం కచ్చితం’ అని ఎవరైనా అంటే మాత్రం కాస్త ఆగి లెక్క వేయాలి. పదేళ్లప్పుడు కింది దవడ పొడవు 105 మిల్లీమీటర్లు అనుకుందాం. పద్దెనిమిదికి 120 అయింది. కంప్యూటర్ 116 అని చెప్పింది. 120లో 4 తప్పు, అంటే సుమారు 97 శాతం ఒప్పే! కానీ అసలు పెరిగింది 15 మిల్లీమీటర్లు. అందులో పావు వంతుకు పైగా దానికి దొరకలేదు. మామూలుగా పై ముందుపళ్లు కింది పళ్లకన్నా రెండు మూడు మిల్లీమీటర్లే ముందుంటాయి. కాబట్టి ఆ నాలుగు చిన్న తేడా కాదు. కింది పళ్లు పై పళ్లను దాటి ముందుకు వస్తాయా లేదా అన్నది అక్కడే తేలుతుంది.

సీడు పత్తి వేసే గద్వాల రైతుకు ఇది కొత్తేం కాదు. ఎకరాకు సగటు దిగుబడి ఎంతో అందరూ చెబుతారు, తన చేనులో ఎంతొచ్చిందో మాత్రం పత్తి ఏరాకే తెలుస్తుంది.

దవడ ఏటా ఒకేలా పెరగదు. ఎదిగే వయసులో ఒక్కసారిగా ఊపందుకుంటుంది. ఆడపిల్లలకు ఆ ఊపు ముందే వస్తుంది, పెద్దమనిషి అయ్యేసరికి చాలావరకు దాటిపోతుంది. మగపిల్లలకు రెండేళ్లు ఆలస్యం, పైగా పద్దెనిమిది దాటాక కూడా కొంత సాగుతుంది. పొడవొక్కటే కాదు, దవడ తిరిగే దిశ కూడా మారుతుంది. కోపెన్‌హాగెన్‌లో బియోర్క్ అనే పరిశోధకుడు పిల్లల దవడల్లో చిన్న లోహపు సూదులు అమర్చి ఏళ్లతరబడి దీన్ని గమనించాడు. దవడ వెనక్కి తిరిగే పిల్లలెవరో ఎక్స్‌రే చూసి ముందే గుర్తించమంటే, అనుభవజ్ఞులైన డాక్టర్లు కూడా గుడ్డి ఊహను మించలేకపోయారని బామ్‌రిండ్ బృందం 1984లో రాసింది.

ఇప్పటి ఏఐ చుక్కలు పెట్టే పనిని చకచకా చేస్తుంది, అది నిజంగా మేలే. భవిష్యత్తు సంగతి వేరు. పాత ప్రామాణిక పట్టికల్లో పేరున్నది అమెరికాలోని క్లీవ్‌లాండ్ తెల్లపిల్లలది. అలంపూర్ పిల్ల ముఖానికి అది ఎంత సరిపోతుందని అడగడం తప్పు కాదు.

నా మట్టుకు, డాక్టరును అడగాల్సింది బొమ్మ గురించి కాదు. ‘పొరపాటు ఎన్ని మిల్లీమీటర్ల దాకా ఉండొచ్చు? అంచనా తప్పితే వైద్యం ఎలా మారుస్తారు?’ అనండి. సెలవులకు పిల్ల గురుకులం నుంచి వచ్చినప్పుడల్లా గోడమీద ఎత్తు గీసి, ఆ ఎత్తులు, తేదీలు పట్టుకెళ్లండి. ఖర్చు లేదు, ఎదుగుదల ఊపు ఎప్పుడు మొదలైందో తెలుస్తుంది. ఇంట్లో ఎవరికైనా కింది దవడ ముందుకు ఉంటే అదీ చెప్పండి. అలాంటి పిల్లల విషయంలోనే సగటు ఎక్కువగా మోసం చేస్తుంది. అందుకే, దవడ సర్జరీ అవసరమయ్యేలా ఉన్నా డాక్టర్లు సాధారణంగా తొందరపడరు. ఎదుగుదల ఆగిందనిపించాక కొంత ఎడంతో రెండు ఎక్స్‌రేలు తీసి, ఒకదానిమీద ఒకటి పెట్టి చూస్తారు. గీతలు కలిస్తేనే తేదీ ఇస్తారు.