ముప్పై ఆరు సెల్లుల లెక్క

అడవి పందుల బెడదకు చేను చుట్టూ సోలార్ కంచె కట్టుకున్న చోట, బ్యాటరీకి కలిపిన చిన్న ప్యానెల్‌ను దగ్గరగా చూడండి. అద్దం కింద తొమ్మిదేసి బిళ్లల చొప్పున నాలుగు వరసలు, మొత్తం 36 సెల్లులు. కొట్లో దాన్ని 12 వోల్టుల ప్యానెల్ అంటారు. వెనక అంటించిన చీటీ మీద మాత్రం 18 వోల్టులని రాసి ఉంటుంది. ఈ తేడా కావాలని పెట్టిందే; ఎందుకో చూసేముందు సెల్ పుట్టుక కథ కాస్త.

పనికొచ్చే సిలికాన్ సోలార్ సెల్ పుట్టిందే బ్యాటరీల కష్టం తీర్చడానికి. వేడి, తేమ ఎక్కువగా ఉండే చోట్ల టెలిఫోన్ లైన్ల బ్యాటరీలు త్వరగా పాడైపోతుంటే, వాటికి బదులేదో వెతికే పని అమెరికాలోని బెల్ ల్యాబ్స్‌లో డారిల్ చాపిన్‌కు పడింది. కాల్విన్ ఫుల్లర్, జెరాల్డ్ పియర్సన్ తోడయ్యారు. 1954 ఏప్రిల్ 25న వాళ్లు లోకానికి చూపిన సిలికాన్ సెల్ తన మీద పడిన ఎండలో దాదాపు 6 శాతాన్ని కరెంటుగా మార్చింది. మరుసటి ఏడాది అక్టోబరులో జార్జియా రాష్ట్రంలోని అమెరికస్ దగ్గర 432 సెల్లుల ప్యానెల్‌ను టెలిఫోన్ స్తంభానికి ఎక్కించారు. రాత్రి పని నడవడానికి పగలే బ్యాటరీని నింపిపెట్టేది. పనిచేసింది కానీ, ఖర్చు తట్టుకోలేనిది.

ఇక 12, 18 వోల్టుల తేడా సంగతి. సిలికాన్ సెల్ చిన్నదైనా పెద్దదైనా ఇచ్చేది సుమారు అర వోల్టే. సైజు పెంచితే పెరిగేది ఆంపియర్లు మాత్రమే. అందుకే సెల్లులను సిరీస్‌లో, ఒకదాని ప్లస్‌ను ఇంకోదాని మైనస్‌కు కలుపుతూ పోతారు. 12 వోల్టుల లెడ్ యాసిడ్ బ్యాటరీ పూర్తిగా నిండాలంటే సుమారు 14.4 వోల్టులు కావాలి. నీరు పల్లమెరిగినట్టు, ప్యానెల్ వోల్టేజీ పైన ఉంటేనే కరెంటు బ్యాటరీలోకి దిగుతుంది. ఆ లెక్కన 30 సెల్లులు చాలు కదా? మే నెల మధ్యాహ్నం చాలవు. చీటీ మీది అంకెలు 25 డిగ్రీల దగ్గర కొలిచినవి. ఎండలో సెల్ 65 డిగ్రీలకు చేరుతుంది, ప్రతి డిగ్రీకీ వోల్టేజీ సుమారు 0.4 శాతం పడిపోతుంది. 18 కాస్తా 15 అవుతుంది. 36 నిలబడింది అందుకే.

అసలు చిక్కు రెండో ప్యానెల్ కొన్నప్పుడు వస్తుంది. 18 వోల్టులు, 5.5 ఆంపియర్ల 100 వాట్ల ప్యానెల్ ఉంది. దానికి 18 వోల్టులు, 2.8 ఆంపియర్ల 50 వాట్లది తోడు తెచ్చారు. ప్యారలల్‌లో, అంటే ప్లస్‌ను ప్లస్‌కు, మైనస్‌ను మైనస్‌కు కలిపితే ఆంపియర్లు కూడి 8.3 అవుతాయి, 150 వాట్లూ దక్కుతాయి. అదే సిరీస్‌లో కలిపితే వోల్టులు 36 అవుతాయి గానీ కరెంటు చిన్నదాని 2.8 దగ్గరే ఆగుతుంది. చేతికొచ్చేది మళ్లీ 100 వాట్లే, కొత్త ప్యానెల్ డబ్బు వృథా. ప్యారలల్‌కు వోల్టులు కుదరాలి, సిరీస్‌కు ఆంపియర్లు కుదరాలి.

నీడ పడినా ప్యారలల్‌దే పైచేయి. ఒక్క సెల్‌ను ఆకు పూర్తిగా కప్పేసినా కరెంటును పక్కదారి పట్టించే వెనక డబ్బాలోని డయోడ్ సగం ప్యానెల్‌ను పక్కన పెడుతుంది. మిగిలిన 9 వోల్టులతో 12 వోల్టుల బ్యాటరీ ఎక్కదు. ప్యారలల్‌లో ఉన్న రెండో ప్యానెల్ మాత్రం తన పని తాను చేసుకుపోతుంది.

ఇప్పుడు చవగ్గా దొరికేవి ఇళ్ల కప్పుల మీదికి చేసిన పెద్ద ప్యానెళ్లు. అలాంటిదొకటి 60 సెల్లులు, దాదాపు 30 వోల్టులు, 250 వాట్లది అనుకుందాం. ప్యానెల్‌కూ బ్యాటరీకీ మధ్య ఛార్జింగ్‌ను అదుపు చేసే పెట్టె కంట్రోలర్. మామూలు పీడబ్ల్యూఎం రకం కంట్రోలర్‌తో ఆ ప్యానెల్‌ను 12 వోల్టుల బ్యాటరీకి తగిలిస్తే దాని వాట్లలో సగానికి పైగా పోతుంది, ఎందుకంటే అది ప్యానెల్‌ను బ్యాటరీ వోల్టేజీకి దించేస్తుంది. ఎంపీపీటీ రకం కంట్రోలర్ అయితే ఎక్కువ వోల్టులను ఎక్కువ ఆంపియర్లుగా మార్చి ఇస్తుంది. పెద్ద ప్యానెల్ కొనేవాళ్లు ఆ కంట్రోలర్ ధరను కూడా కలిపే లెక్క వేసుకోవాలి.

ప్యానెల్ కొనేముందు వెనక చీటీ మీది వోల్టులు, ఆంపియర్లు పాతదాని చీటీతో పోల్చి చూడండి. చిన్న వోల్టేజీ కదా అని ఫ్యూజు మానేయకండి. 12 వోల్టులు షాక్ కొట్టకపోవచ్చు కానీ, షార్టయితే బ్యాటరీ వందల ఆంపియర్లు కక్కి తీగను కాల్చేస్తుంది. ఫ్యూజును బ్యాటరీ ప్లస్‌కు దగ్గరలోనే పెట్టండి.