గేరు పలక మీది అక్షరమాల

మన వర్ణమాలలో అక్షరాలు ఎక్కడ పడితే అక్కడ కూర్చోలేదు. 'క' వర్గం కంఠంలో పుడుతుంది. అక్కడినుంచి తాలువు, మూర్ధం, దంతాలు దాటి 'ప' వర్గం దగ్గర పెదవులకు చేరుతుంది. ఆ వరుస తెలిసి పెట్టినది. మోటారు కారులోనూ ఒక చిన్న అక్షరమాల ఉంది. అందులోవి అయిదే అక్షరాలు: పి, ఆర్, ఎన్, డి, ఎల్. నిలుపు, వెనక్కి, తటస్థం, ముందుకు, చిన్న గేరు అని వాటి అర్థం. ఈ అయిదింటినీ ఏ వరుసలో పెట్టాలన్నది తేలడానికి అమెరికాలో దాదాపు ముప్పయి ఏళ్లు పట్టింది. ఇక్కడ వరుస తప్పితే వచ్చేది వ్యాకరణ దోషం కాదు, ప్రాణానికే ముప్పు!

మన విజయనగరం, శ్రీకాకుళం వైపు నలభై దాటిన వారికి అంబాసిడర్ కారును పరిచయం చేయనక్కరలేదు. కలకత్తా దగ్గరి ఉత్తరపారాలో 1950ల చివర తయారీ మొదలై, 2014లో ఆగిపోయిన కారు అది. కలెక్టరు గారికీ అదే, పెళ్లివారికీ అదే, టాక్సీకీ అదే. పాత అంబాసిడర్లలో గేరు కర్ర నేల మీద కాక, స్టీరింగు కింద ఎడమవైపున ఉండేది. ముందు సీటు బల్లలాగా ఒకటే. ముగ్గురు హాయిగా కూర్చునేవారు. పెళ్లిళ్ల రోజుల్లో నలుగురు కూడా సర్దుకునేవారు. కాని గేరు మార్చినప్పుడల్లా ఎడమకాలు క్లచ్చి తొక్కవలసిందే. ఆ తరం డ్రైవరుతో క్లచ్చి లేని కారు సంగతి ఎత్తి చూడండి. "క్లచ్చి నేకుండా కారేటి బాబూ! మరి ఎడంకాలికి పనేటి?" అంటాడు.

ఎడమకాలికి సెలవు ఇప్పించినది జనరల్ మోటార్స్ సంస్థ. 1940 మోడల్ ఓల్డ్స్‌మొబైల్ కారులో అది 'హైడ్రమాటిక్' అనే గేరుపెట్టెను అమర్చింది. కిటుకు చెప్పుకుంటే తేలికే. రెండు పంకాలను ఎదురెదురుగా పెట్టి ఒకదానికే కరెంటు ఇవ్వండి. దాని గాలికి రెండవది కూడా తిరగనారంభిస్తుంది. ఆ గాలికి బదులు చిక్కని నూనె అనుకుంటే సరి! ఒక పంకా ఇంజనుది, రెండవది గేర్లది. ఆపైన కారు వేగాన్నీ, ఆక్సిలరేటరు మీద కాలి ఒత్తిడినీ బట్టి నూనె ఒత్తిడే గేర్లను మారుస్తుంది.

యంత్రం కుదిరింది గాని, అక్షరాలు కుదరలేదు. మొదటి హైడ్రమాటిక్ పలక మీద ముందు తటస్థం, చివరన చిన్న గేరు పక్కనే 'ఆర్'. 'పి' అనేదే లేదు. ఇంజను ఆపి కర్రను 'ఆర్'లో పెడితే చక్రాలు బిగుసుకునేవి. 1948లో బ్యూక్ కారుకు వచ్చిన 'డైనాఫ్లో' వరుస పి, ఎన్, డి, ఎల్, ఆర్. 1951లో ఫోర్డు వారు పి, ఆర్, ఎన్, డి, ఎల్ అన్నారు. ఇంతలో క్రైస్లర్ సంస్థ కర్రనే తీసివేసి, 1956 నుంచి 1964 మోడళ్ల దాకా మీటలు పెట్టింది. 1958 మోడల్ ఎడ్సెల్ కారులోనైతే ఆ మీటలు స్టీరింగు చక్రం నడిబొడ్డున ఉండేవి. మరుసటి ఏడాదికే వాటిని తీసివేశారు.

'ఎల్' పక్కనే 'ఆర్' ఉండడంలో ఒక లాభం లేకపోలేదు. బురదలో దిగబడిన కారును ముందుకూ వెనక్కూ ఊపి బయటికి తీయడం సులువు. నష్టం మాట చూడండి. శృంగవరపుకోట నుంచి అనంతగిరి మీదుగా అరకు వెళ్లే ఘాట్ రోడ్డును తలచుకోండి. దిగేటప్పుడు భారమంతా బ్రేకు మీద వేయక, చిన్న గేరులో దిగాలని మన డ్రైవర్లందరికీ తెలుసు. ఆ చిన్న గేరు కోసం కర్రను లాగినవాడు ఒక్క మెట్టు ఎక్కువ లాగితే? ముందుకు దొర్లే బండికి వెనక గేరు! పైగా ఒక కారులో కర్రను చివరిదాకా లాగితే చిన్న గేరు, పక్కింటి కారులో అదే లాగుడికి రివర్సు. కళ్లు అక్షరాలు చదువుతాయి గాని చేతికి చదువు రాదు. దానికి వచ్చేది అలవాటే.

రాల్ఫ్ నాడర్ 1965లో కార్ల భద్రతపై ప్రచురించిన పుస్తకంలో ఈ వరుసల గందరగోళాన్నీ ఎండగట్టాడు. 1968 జనవరి 1 నుంచి అమెరికాలో చట్టమే వచ్చింది: ముందుకు పోయే గేరుకూ వెనక్కు పోయే గేరుకూ నడుమ తటస్థం ఉండి తీరాలి, గేరులో ఉండగా ఇంజను స్టార్టు కాకూడదు. ఇద్దరు పోట్లాటగాళ్ల మధ్య ఒక పెద్దమనిషిని కూర్చోబెట్టినట్లు, 'ఆర్'కూ 'డి'కీ మధ్య 'ఎన్' స్థిరపడింది.

ఈ పాఠం పాత కార్ల మీద మోజున్నవారికి మరీ ముఖ్యం. పాత కారులోకి కొత్త ఆటోమేటిక్ గేరుపెట్టె ఎక్కించడం విదేశాలలో పెద్ద ముచ్చట. మనవాళ్లూ పాత అంబాసిడర్‌కు ఆ ముచ్చట తీర్చుకోవాలనుకోవచ్చు. లారీలకు పేరుపడ్డ సాలూరు వంటి చోట మంచి చేతిపనివారికి కొదువ లేదు. కాని పెట్టె మారితే పలక కూడా మారాలి. పాత పలక మీద ముల్లు 'ఎన్' చూపుతూ ఉంటే లోపల 'ఆర్' పడి ఉండడం కన్న అపాయం మరొకటి లేదు. 'పి'లో గాని 'ఎన్'లో గాని తప్ప స్టార్టు కానివ్వని స్విచ్చిని మరవరాదు. కొన్ని పెట్టెలకు ఆక్సిలరేటరు నుంచి ఒక తీగ వస్తుంది. 1982 మోడల్ కార్లతో వచ్చిన జనరల్ మోటార్స్ వారి 700ఆర్4 అటువంటిది. ఆ తీగ సరిగా బిగించకపోతే నూనె ఒత్తిడి చాలక లోపలి క్లచ్చిలు మాడిపోతాయి. ఇంతకూ పనికి దిగేముందు రవాణా శాఖ వారిని అడగడం మేలు. 1988 మోటారు వాహనాల చట్టం 52వ సెక్షను ఇష్టం వచ్చిన మార్పులను ఒప్పదు.

పాత కార్ల ఊసు మనకెందుకంటారా? 2014లో మారుతి సుజుకి సెలేరియోతో, క్లచ్చి పెడలు లేని చవక కారు మధ్యతరగతి ఇళ్లకు కూడా వచ్చింది. దాని పలక మీద ఆర్, ఎన్, డి, ఎం మాత్రమే ఉన్నాయి, 'పి' లేదు! ఆ తరహా కార్లు మరికొన్ని ఉన్నాయి. 'పి' ఉన్న కారుకు అలవాటుపడిన అల్లుడు మామగారి కారును ఏటవాలులో నిలిపి, చేతిబ్రేకు వేయకుండా దిగితే ఏమవుతుందో చెప్పనక్కరలేదు.

కనుక ఎవరి కారైనా సరే, తాళం తిప్పే ముందు పలకను ఒకసారి చదవండి. బ్రేకు మీద కాలు ఉంచి, నిలిచి ఉన్న కారులోనే కర్రను నెమ్మదిగా ఒక్కొక్క అక్షరం మీదికి నడిపించండి. పసివాడి చేయి పట్టుకుని పలక మీద దిద్దిస్తాం గదా! కొత్త కారు ముందు మన చేయి కూడా పసిదే. దానికీ అక్షరాభ్యాసం చేయించాలి.